ప్రకృతి డైరీ: చూసింది చూసినట్టు గీయడం, రంగులద్దడం

ముందు ఒక చిన్న పని. చదవడం ఇక్కడే ఆపి, ఏదో ఒక కాగితం మీద మందారం ఆకు గీయండి, గుర్తున్నంతలో. అర నిమిషం చాలు. తర్వాత నిజం ఆకు ఒకటి చూసి పోల్చుకోండి.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు నా ఆకు కన్ను ఆకారంలో వచ్చింది. మధ్యలో ఒక గీత, దానికి అటూ ఇటూ చేప ముల్లులా జతలు జతలుగా ఈనెలు. మొక్క దగ్గరికి వెళ్లి చూస్తే అంచు పొడవునా రంపపు పళ్లు ఉన్నాయి, తొడిమ దగ్గర మాత్రం అంచు నున్నగా ఉంది. కింది ఈనెలు మధ్య ఈనె మీద ఎక్కడో పుట్టలేదు, తొడిమ తగిలే చోటు నుంచే చేతి వేళ్లలా బయల్దేరాయి. రోజూ నేను నీళ్లు పోసే మొక్క అది!

బొమ్మలు రావు అనుకునేవాళ్లలో చాలామంది ఇబ్బంది చేతిలో లేదు. 'ఆకు' అనగానే మెదడు ఒక అచ్చు తీసి ఇస్తుంది, చెయ్యి దాన్నే దించేస్తుంది. ప్రకృతి డైరీ రాయడమంటే ఆ అచ్చును పక్కన పెట్టి, ఎదురుగా ఉన్నదాన్ని అడిగి గీయడం. అందంగా వస్తే సంతోషం, రాకపోయినా నష్టం లేదు. 1837లో డార్విన్ తన నోట్‌బుక్‌లో జీవజాతులు కొమ్మలుగా చీలడాన్ని గీసుకున్న బొమ్మ చూస్తే నాలుగు వంకర పుల్లలు తప్ప ఇంకేం కనబడవు. ఆ పేజీని ఇప్పటికీ అచ్చు వేస్తున్నారు.

సామాను

చిన్న సంచిలో పట్టాలి, నిలబడి కూడా వాడుకోగలగాలి. అంతకు మించినది ఇంట్లోనే ఉండిపోతుంది.

డబ్బు ఎక్కడైనా కాస్త ఎక్కువ పెట్టాలనుకుంటే కాగితం మీద పెట్టండి. మామూలు నోట్‌బుక్ కాగితం 70–80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది, తడి తగలగానే అప్పడంలా ముడుచుకుంటుంది. పెన్సిల్, పెన్ను, అక్కడక్కడా కాస్త రంగు అయితే 200 జీఎస్‌ఎం సరిపోతుంది. రంగే ప్రధానం అనుకుంటే 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ కాగితం తీసుకోండి. అందులోనూ గరుకుది, నునుపుది ఉంటాయి. 'కోల్డ్ ప్రెస్' అని రాసినది కొంచెం గరుకు, నీరు బాగా పట్టుకుంటుంది. 'హాట్ ప్రెస్' నునుపు, సన్న గీతలకు బాగుంటుంది కానీ తప్పును దాచదు. సైజు ఏ5 (148 × 210 మి.మీ.) హాయిగా ఉంటుంది. అట్ట గట్టిగా ఉంటే బల్ల లేకపోయినా ఇబ్బంది ఉండదు.

పెన్సిల్ 2బి ఒకటి చాలు. గట్టి హెచ్ రకాలు వద్దు. అవి కాగితంలో గాడి చేస్తాయి, తర్వాత రంగు వేస్తే ఆ గాడిలోకి చేరి నల్లటి గీతలా తేలుతుంది.

పెన్ను విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. రెండు గంటలు కూర్చుని ఒక ఫెర్న్ ఆకును చిన్న చిన్న దళాలతో సహా గీశాను. రంగు వేద్దామని కుంచె ఆనించగానే సిరా మొత్తం ఊదా రంగు మురికిలా పారింది. అప్పటి నుంచి కొత్త పెన్ను కొనగానే పుస్తకం చివరి పేజీలో ఒక గీత గీసి, ఐదు నిమిషాలాగి, దాని మీదుగా తడి కుంచె లాగి చూస్తాను. కదలకపోతేనే సంచిలోకి. పెన్ను మీద 'పిగ్మెంట్ ఇంక్', 'వాటర్‌ప్రూఫ్' అని రాసి ఉంటే సాధారణంగా నిలుస్తుంది. అయినా ఆ ఐదు నిమిషాల పరీక్ష మానకండి. మొన 0.3 మి.మీ. అయితే దాదాపు అన్నిటికీ పనికొస్తుంది.

రంగులు ఆరు చాలు: లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), క్వినాక్రిడోన్ రోజ్ (గులాబీ ఎరుపు), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), థాలో బ్లూ (పచ్చ వైపు మొగ్గే నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ). ఇరవై నాలుగు రంగుల పెట్టె కొంటే ఏది వాడాలో వెతకడంతోనే సరిపోతుంది, పిట్ట ఎగిరిపోతుంది. ట్యూబు మీదో బిళ్ల కాగితం మీదో చిన్న అక్షరాల్లో వర్ణకం (రంగునిచ్చే పొడి, పిగ్మెంట్) కోడ్ ఉంటుంది, అది చదవడం అలవాటు చేసుకోండి. అల్ట్రామెరీన్ అయితే పీబీ 29, లెమన్ ఎల్లోకి సాధారణంగా పీవై 3. ఒక్క కోడ్ మాత్రమే రాసి ఉన్న రంగులు కలిపినప్పుడు శుభ్రంగా ఉంటాయి. మూడు నాలుగు కోడ్‌లు ఉన్న రంగుల్ని ఒకదాంతో ఒకటి కలిపితే త్వరగా బురదైపోతుంది. ఇంకో సంగతి, పీఆర్ 83 అనే పాత అలిజారిన్ ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుంది.

కొన తేలిన గుండ్రటి కుంచె ఒకటి, 6 లేదా 8 నంబరు. బయటికి వెళ్లేవాళ్లకు నీళ్ల గొట్టం ఉన్న వాటర్‌బ్రష్ ఇంకా సుఖం. చేతిగుడ్డ ఒకటి, చిన్న స్కేలు ఒకటి. కుంచె కొనను నోట్లో పెట్టి తేల్చే అలవాటు ఉంటే మానేయండి, కొన్ని వర్ణకాల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాలు ఉంటాయి. రంగు కడిగిన నీళ్లను చెరువులోనో కుంటలోనో పారబోయకండి.

మొదటి అడుగు: తెల్ల పేజీ భయం

కొత్త పుస్తకం తెరవగానే చెయ్యి బిగుసుకుపోతుంది. పాడుచేస్తానేమో అన్న భయం. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: బొమ్మ కంటే ముందు పేజీ మూలలో తేదీ, టైము, చోటు, ఎండో మబ్బో, గాలి ఎలా ఉందో రాయడం. నాలుగు ముక్కలు రాసేసరికి పేజీ తెల్లగా ఉండదు, పాడవ్వాల్సింది అప్పటికే పాడైపోయింది! పైగా ఆర్నెల్ల తర్వాత ఆ పేజీకి విలువ తెచ్చేది కూడా ఆ నాలుగు ముక్కలే. తేదీ లేని పువ్వు బొమ్మ అలంకారంగా మాత్రమే పనికొస్తుంది. తేదీ ఉంటే, ఈ మొక్క ఈ ఏడాది ఎప్పుడు పూసిందో అదే చెబుతుంది.

ఇక నుంచి ప్రతి పేజీలోనూ మూడూ ఉండేలా చూసుకోండి: బొమ్మ, మాట, అంకె. రేకు వంపు బొమ్మలో తేలిగ్గా వస్తుంది, వాసన రాదు, దాన్ని రాయాలి. ఎన్ని రేకులు, ఎన్ని సెంటీమీటర్లు అన్నది అంకెలోకి వెళ్లాలి.

రెండో అడుగు: కాగితం చూడకుండా గీయడం

ఒక ఆకు ఎదురుగా పెట్టుకోండి. పెన్సిల్ కాగితం మీద ఆనించి, కళ్లు ఆకు అంచు మీద పెట్టండి. ఇక కాగితం వైపు చూడకూడదు. కన్ను ఎంత నెమ్మదిగా జరిగితే చెయ్యి అంత నెమ్మదిగా జరగాలి. రెండు నిమిషాలు పట్టాలి, పది సెకన్లలో అయిపోతే మీరు ఆకును చూడలేదన్నమాట.

నేనైతే లోపల గొణుక్కుంటాను. "లోపలికి… ఇంకా లోపలికి… పన్ను… చటుక్కున బయటికి… ఇక్కడ పురుగు తిన్నది… మళ్లీ పన్ను." పక్కనున్నవాళ్లు వింతగా చూస్తారు, కానీ ఆ గొణుగుడు వల్లే చెయ్యి అచ్చులోకి జారిపోకుండా ఉంటుంది. వచ్చిన బొమ్మ మొదలూ చివరా కలవకుండా, ఎక్కడికో పోయి ఉంటుంది. పర్లేదు. ఒక్కొక్క పన్ను వంపు మాత్రం చూడండి, మామూలుగా గీసినదాని కంటే ఎంత నిజంగా ఉంటుందో. రోజూ అసలు బొమ్మ మొదలుపెట్టే ముందు ఇలాంటిదొకటి గీస్తే కన్ను దారికొస్తుంది.

మూడో అడుగు: ఒక ఆకు, మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు కాగితం చూస్తూ గీయొచ్చు. వరస మాత్రం తప్పకండి.

ముందు తొడిమ నుంచి కొన దాకా మధ్య ఈనెను ఒకే సన్న గీతగా వేయండి. అది నిటారుగా ఉండదు, ఏదో ఒక వైపు వంగి ఉంటుంది. ఆ వంపులోనే ఆకు ప్రాణం ఉంది. తర్వాత ఆకు అన్నిటికంటే వెడల్పుగా ఎక్కడుందో చూడండి. నడిమధ్యనా, తొడిమకు దగ్గరగానా? అక్కడ అడ్డంగా ఒక చిన్న గుర్తు. పెన్సిల్‌ని ఆకు పక్కన పెట్టి పొడవులో వెడల్పు ఎంతో కొలవండి. మూడింట రెండొంతులా, సగమా? ఈ మూడు గుర్తులు సరిగ్గా పడితే మిగతాదంతా వాటి మీద కూర్చుంటుంది. ఇవి తప్పితే ఎన్ని పళ్లు గీసినా అది వేరే మొక్క ఆకులాగే ఉంటుంది.

ఆ తర్వాత అంచును ముందు పళ్లు లేకుండా, నాలుగైదు తిన్నని గీతలుగా వేయండి. గీత ఎక్కడ మలుపు తిరుగుతోందో తేలాక, దాని మీద పళ్లు. పళ్లు గీయడానికి ముందు ఒక వైపు లెక్కపెట్టి పక్కన రాసుకోండి. రెండో వైపు కూడా అన్నే ఉన్నాయా? సాధారణంగా ఉండవు. పన్ను కొన ఆకు కొన వైపు తిరిగి ఉందా, పక్కకి పొడుచుకొచ్చిందా?

ఈనెల దగ్గర చాలామంది తొందరపడతారు. ఒక్కొక్క ఈనె ఎక్కడ పుట్టి, ఎక్కడ ఆగుతోందో చూడండి. పన్ను కొనలోకి వెళ్లి ముగుస్తోందా, రెండు పళ్ల మధ్య సందులోకా, లేక అంచు దాకా రాకుండా వంగి పై ఈనెతో కలుస్తోందా? వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు మొక్కలను గుర్తుపట్టేటప్పుడు చూసే వివరాల్లో ఇదీ ఒకటి. గీత మందం కూడా మారుతుంది: పుట్టిన చోట లావు, పోనుపోను సన్నం. అన్నీ ఒకే లావులో గీస్తే ఆకు మీద తీగలు పరిచినట్టుంటుంది.

ఆకు మడత పడి ఉంటే? భయపడాల్సిందేం లేదు. మడత వెనక దాగిన భాగాన్ని కూడా ఉన్నట్టే ఊహించి మధ్య ఈనెను లేతగా ఆగకుండా గీయండి, తర్వాత దాగినంత మేర చెరిపేయండి. విడివిడిగా గీస్తే రెండు ముక్కలూ ఒకే ఆకువి అనిపించవు.

ఇక ఆకు కొమ్మ మీద ఎలా ఉందో పక్కన చిన్న గీతల బొమ్మ వేసుకోండి. కణుపుకు ఒకటి చొప్పున అటొకటి ఇటొకటి వస్తున్నాయా, రెండేసి ఎదురెదురుగానా, మూడు నాలుగు కలిసి చుట్టూనా? పైనుంచి చూస్తే కొన్ని మొక్కల్లో ఒక ఆకుకీ తర్వాతి ఆకుకీ మధ్య కోణం దాదాపు 137.5 డిగ్రీలు ఉంటుంది, ఏ ఆకూ సరిగ్గా కింది ఆకు నెత్తిన పడదు. ఇది తెలిశాక కొమ్మ బొమ్మలో ఆకులన్నీ ఒకే తలంలో బల్లపరుపుగా గీయబుద్ధి కాదు.

పువ్వు: గిన్నెగా చూడండి

పువ్వు నేరుగా మన వైపు చూస్తుంటే అది వృత్తం. పక్కకి తిరిగితే ఆ వృత్తం నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతుంది. ముందు ఆ నొక్కిన వృత్తాన్ని లేతగా వేసి, పువ్వు గొంతు ఎక్కడుందో గుర్తు పెట్టి, అక్కడి నుంచి రేకులను బయటికి లాగండి. మన వైపు ఉన్న రేకులు పొట్టిగా, అవతలివి పొడుగ్గా కనిపించొచ్చు. "అన్ని రేకులూ ఒకటే సైజు కదా" అని మెదడు గొడవ పెడుతుంది, వినకండి.

మందారాన్నే తీసుకుంటే ఐదు రేకులు. ప్రతి రేకుకీ ఒక అంచు పక్క రేకు పైన, ఇంకో అంచు ఇటు పక్క రేకు కింద ఉంటుంది, గాలిపంకా రెక్కల్లా తిప్పుకుంటూ. ఇది పట్టుకోకపోతే ఏ రేకు ముందో ఏది వెనకో తెలియక గీత చిక్కుపడుతుంది. మధ్యలోంచి వచ్చే కాడ పువ్వుకు ఇరుసు. దాన్ని మొదట్లోనే గీసేస్తే పువ్వు ఎటు తిరిగి ఉందో ఖాయమవుతుంది. కాడ చివర ఐదు చిన్న గుండ్లు లెక్కపెట్టడం మర్చిపోకండి.

పిట్టలు: అవి ఆగవు, మీరే నేర్చుకోవాలి

ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. పిట్ట మూడు సెకన్లు కూర్చుంటుంది, ఎగిరిపోతుంది. ఆ మూడు సెకన్లలో మొత్తం గీయాలనుకోవడమే తప్పు.

ఒక పేజీ మొత్తం దీనికే కేటాయించండి. మొదటి చూపులో ఒక్క గీత: వీపు ఏ వాలులో ఉంది? నిక్కబొడుచుకుని నిటారుగానా, నేలకు సమాంతరంగానా? అంతే. రెండో చూపులో ఆ గీత మీద కోడిగుడ్డు ఆకారంలో ఒళ్లు. మూడో చూపులో తల గుండ్రం, అది ఒంటికి ఎంత దగ్గరగా అతుక్కుని ఉందో. పిచ్చుకకు మెడే లేనట్టుంటుంది. కొంగకు మెడే సగం పిట్ట. నాలుగో చూపులో ముక్కు, తోక. ముక్కు కోసం తలలోంచి ఒక ఊహారేఖ వేస్తే కన్ను ఎక్కడ పడాలో తెలుస్తుంది, చాలా పిట్టల్లో ముక్కు చీలిక గీతకు కాస్త పైనే ఉంటుంది కన్ను.

పిట్ట మధ్యలో కదిలిపోతే ఆ బొమ్మను అక్కడే వదిలేసి పక్కన కొత్తది మొదలుపెట్టండి. మళ్లీ పాత భంగిమలోకి వస్తే పాత బొమ్మ దగ్గరికి వెళ్లొచ్చు. పిట్టలు అవే నాలుగైదు భంగిమల్లోకి తిరిగి తిరిగి వస్తాయి. పది నిమిషాల్లో పేజీ మీద ఏడెనిమిది సగం సగం పిట్టలుంటాయి, వాటిలో ఒకటి నిండుతుంది. సాధన మొదలుపెట్టడానికి పావురం మంచిది. నడిచేటప్పుడు దాని తల ఊగుతున్నట్టు అనిపిస్తుంది కానీ ఊగదు. ఒంటిని ముందుకు జరుపుతూ తలను ఒకచోటే నిలిపి ఉంచుతుంది, తర్వాత చటుక్కున ముందుకు తోస్తుంది. ఆ నిలిచిన క్షణమే మీది.

కాళ్ల దగ్గర ఒక పొరపాటు అందరం చేస్తాం. పిట్ట మోకాలు వెనక్కి వంగుతుంది అనుకుంటాం. మనకు కనిపించే ఆ కీలు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు ఈకల లోపల, పొట్ట పక్కన దాగి ఉంటుంది. ఇది గుర్తుంచుకుంటే కాలు ఒంట్లోంచి ఎక్కడ బయటికి రావాలో తప్పు పోదు. పాదాలు ఒంటి బరువు కిందకి రావాలి, లేకపోతే బొమ్మలో పిట్ట ముందుకు తూలిపడుతుంది.

ఈకలు ఒక్కొక్కటీ గీయకండి. రెక్కలో పెద్ద ఈకల గుంపు, వాటి మీద కప్పిన చిన్న ఈకల గుంపు, ఈ అంచులు చాలు. పావురానికి రెక్క మీద రెండు నల్ల పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో పట్టుకుంటే సగం పని అయినట్టే.

గూడు దగ్గరికి మాత్రం బొమ్మ కోసం వెళ్లకండి. తల్లి పిట్ట మిమ్మల్ని చూసి అరుస్తోందంటే మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చేశారని అర్థం.

పురుగులు, చెట్లు, కొన్ని మాటల్లో

పురుగులకు ఒకటే నియమం: ఒళ్లు మూడు భాగాలు, ఆరు కాళ్లూ నడిమి భాగం నుంచే. సీతాకోకచిలుక నాలుగు రెక్కలు కూడా అక్కడివే, పొట్ట నుంచి రావు. మీసాలు చూడండి: చివర చిన్న గుండు ఉంటే సాధారణంగా సీతాకోకచిలుక, ఈకలాగో ఉత్త దారంలాగో ఉంటే చిమ్మట. సాలీడుకు ఎనిమిది కాళ్లు, అది పురుగుల లెక్కలోకి రాదు.

చెట్టుకు కొమ్మలు గీసేటప్పుడు లియొనార్డో డావించి గమనించినది పనికొస్తుంది. ఏ ఎత్తులోనైనా కొమ్మలన్నిటినీ కలిపి కట్టగా కడితే ఆ లావు కింది మానుకు దాదాపు సమానం అన్నాడాయన. అంటే చీలిక దగ్గర మాను సన్నబడాలి, మామూలుగా గీస్తే కొమ్మలు పుట్టాక కూడా మాను అంతే లావుగా పోతూ ఉంటుంది. ఇంకా, ఆకులు గీయకుండా ఆకుల మధ్య నుంచి కనిపించే ఆకాశం ముక్కల ఆకారాలు గీసి చూడండి. చెట్టు దానంతటదే తేలుతుంది.

రంగు: ఆకుపచ్చతో కుస్తీ

నీటిరంగుల పద్ధతి ఒక్క మాటలో: లేత నుంచి ముదురుకి. కాగితం తెలుపే మన తెలుపు, ఒకసారి కప్పేస్తే మళ్లీ పూర్తిగా రాదు. అందుకే మెరుపు ఎక్కడుందో రంగు ముట్టుకోకముందే పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి.

ముందు ఒక గంట రంగుల పట్టీకి ఇవ్వండి. లెమన్ ఎల్లో, ఓకర్ ఒక వైపు, అల్ట్రామెరీన్, థాలో ఇంకో వైపు పెట్టి గళ్లు గీసి, వాటికి నంబర్లు వేసి, ఒక్కో జతను మూడు పాళ్లలో కలిపి నింపండి. లెమన్, థాలో కలిస్తే ప్లాస్టిక్ బొమ్మ లాంటి పచ్చ వస్తుంది. ఓకర్, అల్ట్రామెరీన్ కలిస్తే ఎండిన గడ్డి పచ్చ. నిజం ఆకులు ఎక్కువగా ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటాయి. ప్లాస్టిక్ పచ్చను దారికి తేవాలంటే అందులో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలపండి, లేదా రోజ్ ఒక చుక్క. ఎరుపు పచ్చ గాఢతను తగ్గిస్తుంది. ఈ పట్టీని పుస్తకం వెనక అట్టకు అంటించుకుంటే బయట ఆకు మీద పెట్టి నేరుగా పోల్చుకోవచ్చు. నా సంచిలో దీన్ని మించి పనికొచ్చిన వస్తువు లేదు.

ఇప్పుడు ఆ మందారం ఆకుకే రంగు వేద్దాం.

మొదటి పూత బాగా పలుచగా, పసుపు ఎక్కువున్న పచ్చ. ఆకు మొత్తం, మెరుపు చోట్లు వదిలేసి. నిగనిగలాడే ఆకు మీద మెరుపు తెల్లగా ఉండదు, ఆకాశాన్ని చూపిస్తుంది. అక్కడ అల్ట్రామెరీన్ చాలా పలుచగా ఒక్కసారి అద్దండి. ఆకు వెనక నుంచి ఎండ పడుతుంటే కథ తిరగబడుతుంది: మెరుపు ఉండదు, ఆకు మొత్తం వెలిగే పసుపుపచ్చ, ఈనెలు ముదురు.

ఆరనివ్వండి. నిజంగా ఆరిందో లేదో చేతి వెనక భాగం ఆనిస్తే తెలుస్తుంది, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. సగం ఆరిన పూత మీద తడి కుంచె పెడితే ఆ నీరు రంగును అంచులకి తోసేసి కాలీఫ్లవర్ లాంటి మరక చేస్తుంది. మబ్బులకి అది అందమే, ఆకుకి కాదు.

రెండో పూతలో ఈనెల మధ్య ఉన్న ఒక్కొక్క గడిని విడిగా తీసుకోండి. ఈనె పక్కన ముదురు పచ్చ పెట్టి, కుంచె కడిగి, గుడ్డకు ఒత్తి, ఆ తడి కుంచెతోనే గడి రెండో వైపు అంచును మెత్తగా లాగేయండి. ఈనె మీద రంగు పోనివ్వకండి. వదిలేసిన ఆ సన్నని సందులో మొదటి పూత కనబడుతుంది, అదే మీ ఈనె. ఒక గడి అయ్యాక పక్కది కాకుండా దూరంగా ఉన్నది తీసుకుంటే తడి తడీ కలిసిపోవు.

చివరికి నీడ. నీడకు నల్లరంగు వాడకండి, చచ్చిపోయినట్టుంటుంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే మంచి బూడిద రంగు వస్తుంది, పాళ్లు మారిస్తే చల్లగానో వెచ్చగానో మారుతుంది. అదే చిక్కగా కలిపితే కాకి నలుపు. కాకి వీపు మీద మెరిసే నీలం చోట్లు ముందే లేత నీలంగా వదిలి ఉంచుకోవాలి. తెల్ల పువ్వుకూ ఈ బూడిదే దిక్కు: రేకుల మడతల్లో పలుచగా నీడ వేసి, వెనక ఆకులు ముదురుగా వేస్తే తెలుపు తానే బయటికి వస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. తడిగా ఉన్నప్పుడు కనిపించిన రంగు ఆరాక లేతబడుతుంది. మీకు "కొంచెం ఎక్కువైందేమో" అనిపించినప్పుడే సరిగ్గా ఉందన్నమాట.

బయట కూర్చుని వేసేటప్పుడు నీడల దిక్కు ముందే పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టేయండి. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. గంటన్నర తర్వాత ఎదురుగా కనిపించే నీడలు మీరు మొదలుపెట్టినప్పటివి కావు, అవీ ఇవీ కలిపితే బొమ్మలో ఇద్దరు సూర్యులు వస్తారు. టైము లేకపోతే రంగు అక్కడ వేయనక్కర్లేదు. గీసి, బాణాలు పెట్టి "ఇక్కడ ఎర్రటి గోధుమ", "కొన పసుపు, నంబరు 4 పచ్చ" అని రంగుల పట్టీ నంబర్లు రాసుకుని ఇంటికొచ్చి వేయండి. ఫొటో తీసుకోండి, కానీ గీశాక. ముందే తీస్తే "ఫొటో ఉందిగా" అని కన్ను బద్ధకిస్తుంది.

పేజీలో మాటలు

"అందమైన పువ్వు" అని రాయకండి. అది పువ్వు గురించి ఏమీ చెప్పదు. ఏం చూశారు, ఏం అర్థం కాలేదు, ఇది దేన్ని గుర్తుచేసింది, ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే చెయ్యి ఆగదు. నా పేజీ ఒకదాని మూలలో ఇలా ఉంది: "లేత ఆకుల వెనక తెల్లటి దూది పురుగులు 11. చీమలు వాటి చుట్టూ తిరుగుతున్నాయి, కుట్టట్లేదు. ఎందుకు?" జవాబు తర్వాత తెలిసింది: ఆ పిండినల్లి పురుగులు రసం పీల్చి తీయటి ద్రవం వదులుతాయి, చీమలకు అదే కావాలి. జవాబును వేరే రంగు సిరాతో, తెలుసుకున్న తేదీ వేసి ఆ ప్రశ్న పక్కనే రాశాను.

కొలతలు రాసేటప్పుడు బొమ్మ అసలు సైజులో ఉందా, రెండింతలా, సగమా అన్నది పక్కన రాయండి. స్కేలు లేనప్పుడు మీ జానెడు, చూపుడు వేలి గోరు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో అట్ట లోపల ఒకసారి కొలిచి రాసి పెట్టుకుంటే చాలు.

ఒకే కొమ్మ, ఆరు వారాలు

ఇదంతా కొంచెం చేతికి వచ్చాక ఒక పని చేసి చూడండి. మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి గొంగళిపురుగులను పెంచుతూ, గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా ఒక్కో దశనూ అది తినే మొక్క మీదే గీసింది. 1699లో, యాభై దాటిన వయసులో, చిన్న కూతురిని వెంటబెట్టుకుని ఆ పని మీదే దక్షిణ అమెరికాలోని సురినామ్ దాకా వెళ్లింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. రోజూ దాటిపోయే మొక్కలో ఒక కొమ్మకు దారం ముక్క వదులుగా కట్టండి. రెండు పేజీల మీద ఆరు చదరాలు గీసి, వారానికి ఒకటి చొప్పున అదే కొమ్మను, అదే వైపు నుంచి, అదే టైముకి గీయండి. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు.

రెండో వారం ఏమీ మారలేదనిపిస్తుంది. కొలిచి చూడండి, పై ఆకు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో. మూడో వారానికి మొగ్గ రావచ్చు, రాకపోవచ్చు. ఎక్కడో ఒక వారం అడుగున ఉన్న పండుటాకు కనిపించదు. అది ఉన్న చోట కణుపు మీద చిన్న మచ్చ మిగిలి ఉంటుంది, లోపల నీళ్లు పారిన గొట్టాల చుక్కలతో. కళ్లు దగ్గర పెట్టి ఆ చుక్కలెన్నో లెక్కపెట్టి, మచ్చను నాలుగింతలు పెద్దదిగా పక్కన గీయండి. తేదీ వేయండి.